గల్లీ కుక్కకు వేసిన సూది



ఈరోజు జులై 6, ప్రపంచ జూనోసిస్ దినం. పశువుల నుంచి, పక్షుల నుంచి మనుషులకు సోకే జబ్బుల గురించి ప్రపంచమంతా మాట్లాడుకునే రోజు. 1885లో ఇదే తేదీన పారిస్‌లో లూయీ పాశ్చర్ తాను తయారుచేసిన రేబిస్ టీకాను జోసెఫ్ మైస్టర్ అనే తొమ్మిదేళ్ల పిల్లవాడికి వేయించారు. పాశ్చర్ వైద్యుడు కాడు, రసాయన శాస్త్రజ్ఞుడు. అందుకే సూది వేసే పని మరో డాక్టరు చేశారు. పిచ్చికుక్క ఒళ్లంతా కరిచిన ఆ పిల్లవాడు బతికాడు. ఆ జ్ఞాపకంగానే ఏటా ఈ రోజున మన ప్రభుత్వ పశువైద్యశాలల్లో పెంపుడు జంతువులకు రేబిస్ టీకా ఉచితంగా వేస్తారు.

ఈ విషయాన్ని నేను హైదరాబాద్ పాతబస్తీ నుంచి చెప్పదలచుకున్నాను. మనుషులూ జీవాలూ ఇంత దగ్గరగా, ఇంత ఇరుకులో, ఇన్ని రకాలుగా కలిసి బతికే చోటు మన నగరంలో మరొకటి లేదు. మక్కా మసీదు ఆవరణలో జొన్నగింజలు చల్లితే వందల పావురాలు ఒక్కసారిగా వాలతాయి. మూర్గీచౌక్‌లో బుట్టల్లో కోళ్లు, పంజరాల్లో రంగురంగుల పిట్టలు. బార్కస్ వైపు వెళితే అసీల్ కోడిపుంజును సొంత కొడుకులా సాకే ఇళ్లు. బక్రీదు దగ్గరపడుతుంటే జియాగూడ మండీ నుంచి తెచ్చిన పొట్టేలు గుమ్మం ముందు కట్టేసి ఉంటుంది, పిల్లలు దానికి ఆకులు తినిపిస్తూ పేరు కూడా పెట్టేస్తారు. తబేలాల్లో గేదెలు, అరుగుల మీద పిల్లులు, గల్లీ మలుపులో కుక్కలు. ఇక బహదూర్‌పురాలో మీరాలం చెరువు పక్కన జూపార్కు. అక్కడ సింహాలూ ఏనుగులూ మన ఇరుగుపొరుగే.

ఇంతమంది పొరుగువాళ్లున్న బస్తీలో ఒకరి జబ్బు ఒకరికి అంటదా? అంటుతుంది. నేను చెప్పాలనుకున్నది ఒక్కటే. పాతబస్తీలో మనిషి ఆరోగ్యం కాపాడాలంటే పశువు ఆరోగ్యం దగ్గర మొదలుపెట్టాలి. అది దయతో చేసే అదనపు పని అనుకుంటే పొరపాటు. ఖర్చు లెక్కన చూసినా అదే చౌక.

ఈ నగరానికి ఇది కొత్త పాఠం కాదు. 1591లో కట్టిన చార్మినార్‌ను ప్లేగు తగ్గిందన్న కృతజ్ఞతతో కట్టారని జనం చెప్పుకుంటారు. చరిత్రకారులందరూ దీన్ని ఒప్పుకోరు. అయినా నగరం నడిబొడ్డున నిలిచిన కట్టడానికి జనం ఒక అంటువ్యాధి కథను ముడిపెట్టుకున్నారంటే, ఆ భయం ఎంత లోతుగా పాతుకుపోయిందో తెలుస్తుంది. ప్లేగు అసలు ఎలుకల జబ్బు. ఎలుక చచ్చాక దాని ఒంటి మీది ఫ్లీ పురుగులు మనిషి మీదికి దూకుతాయి. 1898లో పాల్ లూయీ సిమాండ్ అనే ఫ్రెంచ్ వైద్యుడు కరాచీలో ప్రయోగం చేసి ఈ సంగతి తేల్చేదాకా ఎలుకకూ మనిషికీ మధ్య దారి ఏమిటో ఎవరికీ రూఢిగా తెలియదు. హైదరాబాద్‌లో 1908 మూసీ వరద, దాని వెనకే వచ్చిన ప్లేగు నగరాన్ని కుదిపేశాయి. 1912లో ఏడో నిజాం హయాంలో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు పెట్టి ఇరుకు బస్తీలను విప్పి, రోడ్లు వెడల్పు చేయడం మొదలుపెట్టారు. అంటురోగులను విడిగా ఉంచడానికి 1915లో క్వారంటైన్ ఆసుపత్రి ఏర్పాటైంది. అదే తర్వాత నల్లకుంటకు చేరింది. ఇవాళ దాన్ని ఫీవర్ ఆసుపత్రి అంటున్నాం. పాతవాళ్లు మాత్రం ఇంకా కోరంటి దవాఖాన అనే అంటారు. కుక్క కరిస్తే ఈ నగరంలో చాలామందికి మొదట గుర్తొచ్చే పేర్లు రెండు, ఈ కోరంటి, నారాయణగూడలోని ఐపీఎం అనే వ్యాధి నివారణ సంస్థ.

కుక్కల మాట వచ్చింది కాబట్టి మరో పాత సంగతి. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ కాలంలో, హైదరాబాద్ మెడికల్ స్కూలు అధిపతి ఎడ్వర్డ్ లారీ, క్లోరోఫాం మత్తు ప్రమాదకరమా కాదా తేల్చడానికి 1888లో ఒక కమిషన్ నడిపారు. దాని ఫలితాలను ఇంగ్లండ్ వైద్యులు నమ్మకపోతే, నిజాం వెయ్యి పౌండ్లు ఇచ్చి లాన్సెట్ పత్రిక తరఫున ఒక నిపుణుణ్ని రప్పించారు. 1889లో రెండో కమిషన్ జరిగింది. రెండింటిలో కలిపి వందల జంతువులకు క్లోరోఫాం ఇచ్చి గుండె ముందు ఆగుతుందా, ఊపిరి ముందు ఆగుతుందా అని చూశారు. వాటిలో ఎక్కువ భాగం ఇక్కడి కుక్కలే. ఊపిరి కనిపెట్టుకుని ఉంటే చాలు, గుండెకు భయం లేదని లారీ తేల్చారు. తర్వాతి పరిశోధకులు అది తప్పని నిరూపించారు. కానీ మత్తు ఇచ్చేటప్పుడు రోగి శ్వాసను కళ్లలో వత్తులు వేసుకుని చూడాలన్న క్రమశిక్షణకు ఈ ప్రయోగాలు బలమిచ్చాయి. ఆ బృందంలో పనిచేసిన రూపాబాయి ఫర్దూన్‌జీ ప్రపంచంలోనే తొలి మహిళా మత్తు వైద్యుల్లో ఒకరిగా పేరు పొందారు. మనిషి వైద్యం కోసం ఈ నగరపు కుక్కలు అప్పుడే అంత మూల్యం చెల్లించాయి. వాటికి మనం బాకీ ఉన్నది ఏడాదికి ఒక్క సూది.

ఆ సూది ఎందుకో ఇప్పుడు చూద్దాం.

ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం రేబిస్‌తో ఏటా సుమారు 59,000 మంది చనిపోతున్నారు. ఆ మరణాల్లో మూడో వంతుకు పైగా మన దేశంలోనివే. మనుషులకు సోకే రేబిస్‌లో 99 శాతం కుక్కల వల్లే. అనుమానాస్పద జంతువుల కాటు పడినవారిలో 40 శాతం 15 ఏళ్ల లోపు పిల్లలు. రేబిస్ లక్షణాలు ఒకసారి బయటపడ్డాయంటే, మంచినీళ్లు చూసి బెదరడం మొదలైందంటే, ఇక వైద్యం చేయగలిగింది దాదాపు ఏమీ లేదు. కానీ కాటు పడిన వెంటనే జాగ్రత్త పడితే ఈ జబ్బు రాకుండా ఆపవచ్చు. వస్తే చావు తప్పని జబ్బు, రాకుండా ఆపడం ఇంత తేలికైన జబ్బు మరొకటి చెప్పడం కష్టం.

కుక్క కాటుకు చెప్పుదెబ్బ అని మన సామెత. కుక్క కాటుకు అసలు కావలసింది సబ్బూ నీళ్లూ. కరిచిన చోట కుళాయి కింద పెట్టి సబ్బుతో పావుగంట పాటు కడగాలి. పావుగంట అంటే చాలాసేపు. పిల్లవాడు ఏడుస్తాడు, తల్లి తట్టుకోలేదు, అయినా కడగాలి. వైరస్ గాయంలోనే ఉన్నప్పుడు సబ్బు దాన్ని చంపుతుంది. కారం అద్దడం, సున్నం పెట్టడం, పసుపు, కాఫీపొడి కుక్కడం, పసరు పోయడం, ఇవన్నీ గాయాన్ని రేపి వైరస్‌ను నరాల్లోకి తోస్తాయి. తాయెత్తు కట్టించుకుంటే నాకు అభ్యంతరం లేదు. దువా చదివించుకోండి, అమ్మవారికి మొక్కుకోండి. అదంతా సూది వేయించుకుని ఇంటికి వచ్చాక.

కడిగాక అదే రోజు దవాఖానకు వెళ్లాలి. చర్మం పొరల్లోకి వేసే పద్ధతిలో తొలిరోజు, మూడో రోజు, ఏడో రోజు, ఇరవై ఎనిమిదో రోజు టీకా వేస్తారు. రక్తం కారేలా కరిచినా, పుండు మీద నాకినా టీకాతో పాటు గాయం చుట్టూ ఇమ్యునోగ్లోబ్యులిన్ అనే మరో మందు కూడా ఎక్కించాలి. ముఖం మీద, చేతుల మీద కాటు పడితే మరీ తొందరపడాలి. ముఖం నుంచి మెదడుకు దారి మరీ దగ్గర. చాలామంది పెద్దలకు ఇంకా బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదుల భయం పోలేదు. గొర్రె మెదడు కణజాలంతో చేసిన ఆ పాత టీకాను మన దేశంలో ఆపేసి ఇరవై ఏళ్లు దాటింది. ఇప్పటి సూది చేతికే, చీమ కుట్టినంత.

తల్లిదండ్రులకు ఒక మాట. కుక్క కరిచిందని ఇంట్లో చెబితే తిడతారని, కొడతారని పిల్లలు దాచేస్తారు. చిన్న గీరుడే కదా అని లంగా కిందో ప్యాంటు కిందో కప్పేస్తారు. "ఎందుకు దాని దగ్గరికి పోయినవ్‌ రా" అన్న ప్రశ్న రేపు అడగండి. ఇవాళ మాత్రం "ఎక్కడ కరిచింది, చూపించు బిడ్డా" అనండి. పిల్లి గీరినా ఇదే జాగ్రత్త. పాతబస్తీ ఇళ్లలో పిల్లులు ఎక్కువ. మంచం మీద, బియ్యం డబ్బా మీద, ఎక్కడ పడితే అక్కడ నిద్రపోతాయి. పిల్లికీ రేబిస్ వస్తుంది. దానికీ ఏటా టీకా కావాలి. ఇంట్లో గర్భిణి ఉంటే పిల్లి మలం ఎత్తే పని మరొకరు చేయాలి. టాక్సోప్లాస్మా అనే పరాన్నజీవి కడుపులోని బిడ్డకు చేటు చేస్తుంది. అందుకని పిల్లిని తీసుకెళ్లి మూసీ ఒడ్డున వదిలేయాల్సిన పని లేదు. చేతులు కడుక్కుంటే, మాంసం బాగా ఉడికిస్తే సరిపోతుంది.

ఇదంతా కాటు పడ్డాక చేసే పని. కాటుకు ముందు చేయాల్సింది ఏమిటి?

2023 ఫిబ్రవరిలో మూసీకి అవతల అంబర్‌పేటలో ఒక నాలుగేళ్ల పసివాణ్ని కుక్కలు చుట్టుముట్టి చంపేశాయి. తండ్రి కాపలా పనిచేసే చోటే జరిగింది. ఆ దృశ్యం చూసినవారెవరూ మరచిపోలేదు. అప్పుడు లేచిన కోపం న్యాయమైనదే. కుక్కలన్నిటినీ చంపేయండి, ఎక్కడికైనా తోలేయండి అన్నారు. కానీ ఒక గల్లీలోంచి కుక్కలను ఎత్తేస్తే ఆ గల్లీ ఖాళీగా ఉండదు. అక్కడ తిండి ఉన్నంతకాలం పక్క బస్తీ కుక్కలు వచ్చి చేరతాయి. వచ్చేవి టీకా లేనివి, మనుషుల అలవాటు లేనివి, ఒకదాన్నొకటి చూస్తే కొట్లాడుకునేవి. అందుకే జంతు జనన నియంత్రణ నిబంధనలు మరో దారి చెప్పాయి. పట్టుకోవడం, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయడం, రేబిస్ టీకా వేయడం, చెవి కొస కత్తిరించి గుర్తు పెట్టి తిరిగి అదే చోట వదిలేయడం. 2001లో వచ్చిన ఈ నిబంధనల స్థానంలో 2023లో కొత్తవి తెచ్చారు. పాతబస్తీకి చుడీబజార్‌లో నగరపాలక సంస్థ జీహెచ్‌ఎంసీ జంతు సంరక్షణ కేంద్రం ఈ పని కోసమే ఉంది. 2025 ఆగస్టు 22న సుప్రీంకోర్టు కూడా ఆపరేషన్ అయి టీకా పడ్డ కుక్కలను వాటి చోటికే పంపాలని, రేబిస్ సోకినవాటిని, దూకుడుగా ఉన్నవాటిని మాత్రం వదలకూడదని చెప్పింది. వీధి కుక్కలకు తిండి పెట్టడానికి వార్డుల్లో విడిగా చోట్లు చూపాలని, నడిరోడ్డు మీద పెట్టకూడదని ఆదేశించింది.

పాతబస్తీకి ఒకప్పుడు కోటగోడ ఉండేది. దానికి దర్వాజాలు ఉండేవి. వాటిలో పురానాపూల్ దర్వాజా, దబీర్‌పురా దర్వాజా ఇంకా నిలిచి ఉన్నాయి. మీ గల్లీలోని పది కుక్కల్లో ఏడింటికి టీకా పడి ఉంటే, ఆ ఏడూ మీ గల్లీకి కోటగోడ. పిచ్చికుక్క ఒకటి లోపలికి వచ్చినా జబ్బు అక్కడితో ఆగిపోతుంది, పాకడానికి దానికి కుక్కలు దొరకవు. నూటికి డెబ్బై అన్న ఈ లెక్క ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేదే. గోవాలో అదే చేసి చూపించారు. వలలు పట్టుకుని గల్లీ గల్లీ తిరిగి, బళ్లలో పిల్లలకు కుక్కలతో ఎలా మెలగాలో నేర్పి, ఏళ్ల తరబడి ఆపకుండా టీకాలు వేశారు. 2021లో గోవాను రేబిస్ నియంత్రిత ప్రాంతంగా ప్రకటించారు. మన దేశం 2030 నాటికి కుక్కల వల్ల వచ్చే రేబిస్‌ను పోగొట్టాలని జాతీయ ప్రణాళిక పెట్టుకుంది. గోవా చేసిన పని హైదరాబాద్ చేయలేనిది కాదు. మన చుడీబజార్ కేంద్రానికి ఎక్కువ పని చెప్పాలి. ఈ ఏడాది వేసిన టీకా వచ్చే ఏడాదికి పాతబడుతుందని, మళ్లీ వేయాలని గుర్తుంచుకోవాలి. చెవి కొస కత్తిరించి ఉందంటే ఒకసారి టీకా పడిందని మాత్రమే అర్థం.

ఇక్కడ ఒక చిక్కుంది. వీధి కుక్కను పట్టుకోవడం ఎవరి తరం? రోజూ దానికి రొట్టెముక్క పెట్టే మనిషి తరం. మున్సిపాలిటీ బండి శబ్దం వింటేనే కుక్కలు సందులు పట్టి పరుగెడతాయి. అదే రోజూ గిన్నెతో వచ్చే అమ్మ పిలిస్తే తోక ఊపుకుంటూ వస్తాయి. పాతబస్తీలో ఇలాంటి అమ్మలు, బాబాయిలు, చాచాలు ప్రతి మొహల్లాలో ఉన్నారు. కుక్కను ఇంట్లోకి రానివ్వని ముస్లిం కుటుంబాల్లో కూడా గుమ్మం బయట నీళ్లగిన్నె కనిపిస్తుంది. దాహంతో ఉన్న కుక్కకు నీళ్లు పోసినవాడికి పాపాలు తీరాయన్న కథ వారి సంప్రదాయంలో ఉంది. హిందువులకు అది కాలభైరవుడి వాహనం. తిండి పెట్టేవారే టీకా వేసేరోజు కుక్కను పట్టి ఇవ్వాలి. పుణ్యం సగం గిన్నెలో ఉంటే, సగం ఆ సూదిలో ఉంది.

కుక్కల సంఖ్యను నిర్ణయించేది తిండి. తిండి అంటే, పాతబస్తీలో, మాంసం వ్యర్థాలు. కోడిమాంసం దుకాణాల పక్కన సాయంత్రానికి చేరే ఈకలు, పేగులు, సంచుల్లోంచి కారే రక్తం. అక్కడ గుంపు కట్టే కుక్కలు తిండికోసం కొట్లాడటం అలవాటు చేసుకుంటాయి. చేతిలో కవరుతో అటు వెళ్లే పిల్లవాడే వాటికి దొరుకుతాడు. కాటు కేసులను తగ్గించాలంటే వల ఎంత ముఖ్యమో చెత్తబండి కూడా అంతే ముఖ్యం.

మాంసం వ్యర్థాలతో మరో జబ్బు వస్తుంది. దీని గురించి తక్కువమందికి తెలుసు. గొర్రె కాలేయంలో, ఊపిరితిత్తుల్లో ఒక్కోసారి నీటి బుడగలు ఉంటాయి. కోసేవాళ్లకు ఇవి బాగా తెలుసు. పనికిరాదని ఆ ముక్కను కుక్కకు విసిరేస్తారు. ఆ బుడగలో ఒక రకం బద్దెపురుగు పిల్లలు ఉంటాయి. కుక్క కడుపులో అవి పెద్దవై గుడ్లు పెడతాయి. కుక్క మలంతో ఆ గుడ్లు మట్టిలో కలుస్తాయి. మట్టిలో ఆడిన పిల్లవాడు చేయి కడుక్కోకుండా అన్నం తింటాడు. ఎన్నో ఏళ్ల తర్వాత ఆ మనిషి కాలేయంలో నీటితిత్తి పెరుగుతుంది. డాక్టర్లు దాన్ని హైడాటిడ్ సిస్ట్ అంటారు, ఆపరేషన్ చేసి తీస్తారు. గొర్రె, కుక్క, మనిషి, ఈ ముగ్గురి మధ్య తిరిగే జబ్బును ఆపగలిగే స్థానంలో ఉన్నది కత్తి పట్టిన మనిషి. బుడగలున్న ముక్కను కుక్కకు వేయకుండా పూడ్చిపెడితే చాలు, చక్రం ఆగుతుంది. రామ్నాస్‌పురా లాంటి చోట ఆధునిక కబేళాలు కట్టింది ఇందుకే. అక్కడ పశువైద్యులు చూసి ముద్ర వేసిన మాంసం బయటికి రావాలి. బక్రీదు రోజుల్లో వ్యర్థాల కోసం జీహెచ్‌ఎంసీ ఇళ్లకు సంచులు పంచుతుంది. ఆ సంచి వీధి మూలకు కాకుండా బండికే చేరితే ఆ వారం పాతబస్తీ కుక్కలకు విందు ఉండదు, పిల్లలకు జబ్బూ ఉండదు.

ఇక తబేలాల మాట. గేదె పాలు పిండేవారికి, అది ఈనేటప్పుడు సాయం చేసేవారికి బ్రుసెల్లోసిస్ సోకవచ్చు. వస్తూ పోతూ ఉండే జ్వరం, కీళ్లనొప్పులు, రాత్రి చెమటలు. టైఫాయిడ్ అనో టీబీ అనో పొరబడే అవకాశం ఎక్కువ. పశువుల మధ్య బతికేవారు డాక్టరు దగ్గరికి వెళ్లినప్పుడు ఆ సంగతి చెప్పడం మంచిది. 2019లో మొదలైన జాతీయ పశువ్యాధి నియంత్రణ పథకం కింద నాలుగు నుంచి ఎనిమిది నెలల వయసున్న ఆడదూడలకు దీని టీకా వేస్తున్నారు. కొనేవారి వంతు ఒకటే, పాలు పొంగేదాకా కాచడం. పచ్చిపాలే బలం అన్న మాట పూర్తిగా పక్కన పెట్టేయండి.

ఇప్పుడు కొంచెం తల పైకెత్తి చూద్దాం. పాతబస్తీ మిద్దెల మీద పావురాలు ఉన్నాయి.

హుస్సేనీ ఆలంలో ఒక పేట పేరే కబూతర్‌ఖానా. తరతరాలుగా పావురాలు పెంచేవారి ముచ్చట మాటల్లో చెప్పేది కాదు. తెల్లవారకముందే మిద్దె ఎక్కి, వెదురు కొసకు గుడ్డ కట్టి ఊపుతూ, ఈల వేసి గుంపును పైకి లేపుతారు. ఎదుటివాడి గుంపులోంచి ఒక్క పావురం తమ మిద్దె మీద వాలినా పండుగే. ఏ జాతి పావురం ఎంతసేపు ఎగరగలదో, ఏ గింజ పెడితే దమ్ము పెరుగుతుందో వాళ్లకు తెలిసినంత పుస్తకాలకు కూడా తెలియదు. ఈ అలవాటు ఎందరు కుర్రాళ్లను పొద్దున్నే నిద్రలేపిందో, ఎందరు ముసలివాళ్లకు ఒంటరితనం తెలియకుండా చేసిందో లెక్క కట్టలేం. జంతువుల తోడు మనసుకు మంచిదన్న మాట సైన్సు కూడా ఒప్పుకుంటోంది. 2015లో జపాన్‌లోని అజాబు విశ్వవిద్యాలయం పరిశోధకులు కుక్క, దాని యజమాని ఒకరి కళ్లలోకి ఒకరు చూసుకుంటే ఇద్దరిలోనూ ఆక్సిటోసిన్ పెరుగుతుందని కనుగొన్నారు. తల్లీ బిడ్డల మధ్య ప్రేమకు ఊతమిచ్చే రసాయనం అది.

కానీ పావురం రెట్టతో జాగ్రత్త. ఎండిన రెట్ట పొడిలో, ఈకల ధూళిలో ఉండే ప్రోటీన్లు ఏళ్ల తరబడి పీలిస్తే కొందరి ఊపిరితిత్తులు వాచి, ముదిరితే గట్టిపడతాయి. పొడిదగ్గు, మెట్లు ఎక్కితే ఆయాసం, సాయంత్రానికి జ్వరం. ఇది ఆస్తమా అనో టీబీ అనో నెలల తరబడి మందులు వాడేవారు ఉంటారు. అదే రెట్టలో పెరిగే క్రిప్టోకాకస్ అనే బూజు, రోగనిరోధక శక్తి తగ్గినవారి మెదడుపొరలకు ప్రమాదం. 2025లో ముంబయిలో ఈ కారణంగానే దాదర్ కబూతర్‌ఖానాను టార్పాలిన్‌తో కప్పేశారు, పెద్ద గొడవ అయింది. మనం అంతదాకా తెచ్చుకోనక్కర్లేదు. పావురాలు పెంచే మిత్రులు గూళ్లు ఊడ్చేముందు నీళ్లు చల్లాలి, పొడిగా ఊడవకూడదు. మూతికి గుడ్డ కట్టుకోవాలి. గూళ్ల పక్కనే పడుకోకూడదు. రెండు వారాలకు మించి దగ్గు ఉంటే డాక్టరుకు మొదట చెప్పాల్సిన మాట, "మా ఇంట్లో పావురాలున్నాయి." ఇక మసీదు ముందు, చౌరస్తాల్లో సంచుల కొద్దీ గింజలు చల్లేవారు గుర్తుంచుకోవాల్సింది, పావురం తన తిండి తాను వెతుక్కోగలదు. అతిగా పెడితే అవి ఆ చోటు వదలవు, గుడ్లు పెడుతూనే ఉంటాయి. పాత కట్టడాల సున్నం, జనం ఊపిరితిత్తులు రెండూ పాడవుతాయి. నోరులేని జీవాలకు పుణ్యం చేయాలని ఉంటే ఎండాకాలం నీళ్లు పెట్టండి.

మూర్గీచౌక్‌కు పోదాం. అక్కడ పంజరం మీద పంజరం పేర్చి ఉంటుంది. పైవాటి రెట్ట కిందివాటి మీద పడుతుంది. రకరకాల పక్షులు అంత దగ్గరగా ఉంటే వైరస్‌కు అంతకన్నా మంచి చోటు ఉండదు. 2025 మొదట్లో గోదావరి జిల్లాల్లో కోళ్లకు బర్డ్‌ఫ్లూ వచ్చింది. మార్చిలో పల్నాడు జిల్లాకు చెందిన రెండేళ్ల పాప హెచ్5ఎన్1 బర్డ్‌ఫ్లూతో చనిపోయింది. పాప పచ్చి కోడిమాంసం ముక్క నోట్లో పెట్టుకుందని అధికారులు చెప్పారు. బాగా ఉడికిన కోడికూర, గుడ్డు తింటే ఏ భయమూ లేదు. భయమల్లా పచ్చిమాంసం పిల్లల చేతికి అందడంలో, చచ్చిన కోడిని తక్కువ ధరకు కొనడంలో. పంజరంలో రామచిలుకను కొనడం మాత్రం అసలు చట్టవిరుద్ధం. వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద అది నేరం.

ఇంతవరకు జంతువు నుంచి మనిషికి వచ్చేవే చెప్పాను. మనిషి నుంచి జంతువుకు కూడా దారి ఉంది. 2021 ఏప్రిల్‌లో, కరోనా రెండో అలలో, బహదూర్‌పురా జూపార్కులో ఎనిమిది ఆసియా సింహాలకు ముక్కు కారడం, దగ్గు, తిండి తగ్గడం మొదలైంది. మత్తు ఇచ్చి నమూనాలు తీసి సీసీఎంబీ పరిశోధనశాలకు పంపారు. మే 4న ఫలితం వచ్చింది. ఎనిమిదింటికీ కోవిడ్. దేశంలో జంతువులకు కోవిడ్ నిర్ధారణ కావడం అదే మొదటిసారి. సింహాలు బయటికి ఎక్కడికీ వెళ్లలేదు. వాటి దగ్గరికి వెళ్లింది మనుషులే. మన సింహాలన్నీ కోలుకున్నాయి. తర్వాతి నెలలో చెన్నై దగ్గర వండలూరు జూలో సింహం చనిపోయింది. మనం మాస్కు పెట్టుకోకపోతే పక్కింటివాడికే కాదు, బోనులో ఉన్న మృగరాజుకు కూడా ముప్పేనని పాతబస్తీ కళ్లారా చూసింది. డాక్టరు, పశువైద్యుడు, పారిశుధ్య కార్మికుడు ఒక్క బల్ల చుట్టూ కూర్చోవాలన్న మాటకు ఇప్పుడు ప్రపంచం 'వన్ హెల్త్' అని పేరు పెట్టింది. ఆ బల్ల దగ్గర ఇంకా కొన్ని కుర్చీలు వేయాలి. పావురాలు ఎగరేసే కుర్రాడికి ఒకటి, మాంసం కొట్టు యజమానికి ఒకటి, తబేలా నడిపే యాదవ సోదరుడికి ఒకటి, రోజూ కుక్కలకు గిన్నెతో వెళ్లే అమ్మకు ఒకటి. ఏ జీవం ఎప్పుడు నలతగా ఉందో అందరికన్నా ముందు తెలిసేది వాళ్లకే. ఏ గల్లీలో కుక్క చొంగ కార్చుకుంటూ తిరుగుతోందో, ఏ దుకాణంలో కోళ్లు ఒక్కసారిగా కూలుతున్నాయో, ఆ కబురు వాళ్ల నుంచి ఆఫీసుకు చేరే దారి ఉండాలి. చెప్పినవాడిని దోషిలా చూడకూడదు, దుకాణం మూయిస్తారన్న భయం పెట్టకూడదు. భయపడ్డ మనిషి నిజం దాస్తాడు. దాచిన జబ్బు పాకుతుంది.

శ్రోతలారా, ఈ రోజు ఇంకా ముగియలేదు. మీ ఇంట్లో కుక్క ఉంటే, పిల్లి ఉంటే దగ్గర్లోని ప్రభుత్వ పశువైద్యశాలకు తీసుకెళ్లండి. ఈరోజు కుదరకపోతే రేపైనా. మూడు నెలలు నిండిన కుక్కపిల్లకు టీకా వేయించండి, ఏటా మళ్లీ వేయించండి. మీ గల్లీలో చెవి కొస కత్తిరించని కుక్కలు ఎన్ని ఉన్నాయో చూసి మున్సిపాలిటీకి ఫోన్ చేయండి. టీకా బండి వచ్చినప్పుడు తలుపు వేసుకోకుండా బయటికి వచ్చి సాయం పట్టండి. మీ పిల్లలకు ఒక్క మాట నేర్పండి. కుక్క కరిస్తే, పిల్లి గీరితే దాచకూడదు, వెంటనే చెప్పాలి, సబ్బుతో పావుగంట కడగాలి, అదే రోజు దవాఖానకు వెళ్లాలి. ఈ మాట ఒక్కటి ఇంటింటికీ చేరితే పాతబస్తీలో రేబిస్‌తో ఇక ఒక్క పిల్లవాడూ చనిపోనక్కర్లేదు.